చప్పట్ల మాస్టారు

ఇన్‌స్పెక్టరమ్మ క్లాసులో అడుగుపెట్టగానే లెక్కల మాస్టారి చేతిలోంచి సుద్దముక్క జారిపడింది.

భయపడ్డాడు అనుకుంది ఆమె. ప్రాణానికి కాస్త హాయిగా అనిపించింది.

మాస్టారు గబగబా వెనక బెంచీ దగ్గరికొచ్చి, తన జేబురుమాలుతోనే దుమ్ము తుడిచాడు.

"కూర్చోండి టీచర్."

"నేను టీచర్ని కాను. మీరు పాఠం ఎలా చెబుతున్నారో చూడ్డానికొచ్చిన అధికారిని."

"అలాగే టీచర్."

పిల్లలు కిసుక్కున నవ్వారు. కాకా పడుతున్నాడు వెధవ, పట్టనీ అనుకుంది. ఈ గదిలో అతనికిదే ఆఖరి పాఠం. అతని మొహం ఒకసారి పరకాయించి చూసింది. మామూలుగా ఆమెకి మొహాలు గుర్తుండవు, తప్పులు గుర్తుంటాయి. ఈ మొహం మాత్రం మర్చిపోకూడదు.

మనవరాలు బస్సెక్కిన రోజునే అతన్ని ఈ గదిలోంచి తీసెయ్యాలని ఆమె తేల్చుకుంది.

కూతురి కూతురు. పసిగుడ్డుగా ఉన్నప్పట్నుంచీ అమ్మమ్మ చంకలోనే పెరిగింది. వట్టి వాగుడుకాయ. ఇల్లంతా దానిదే నోరు. ఈ బడిలో, ఈ మాస్టారి క్లాసులో చేరాక ఆ నోరు మూతపడింది. మొదట్లో లెక్కల పరీక్ష రోజున కడుపునొప్పి వచ్చేది. తర్వాత రోజూ వచ్చేది. టీవీలో ఎవరైనా చప్పట్లు కొడితే చాలు, చెవులు మూసుకుని మంచం కిందికి దూరేది. ఏమైందే తల్లీ అంటే ఒక్క ముక్క చెప్పేది కాదు.

చివరికి కూతురొచ్చింది. "నీ దగ్గరే ఉంచితే నా పిల్ల నాకు దక్కేట్టు లేదమ్మా" అని బట్టలు సర్దేసింది. బస్సు కదిలేటప్పుడు మనవరాలు కిటికీలోంచి చెయ్యైనా ఊపలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒక్క కంచమే కడుగుతోంది ఆమె.

ఆ చప్పట్ల సంగతేమిటో ఇవాళ కళ్ళారా చూసింది.

బోర్డు మీద భిన్నాల లెక్క. రెండు జడల పిల్ల ఒకత్తి తప్పు చేసింది. మాస్టారు తిట్టలేదు, కొట్టలేదు. నవ్వుతూ క్లాసు వైపు తిరిగాడు.

"మన మేధావిగారికి చప్పట్లు!"

క్లాసంతా ఒక్కటై, తాపీగా, లయ తప్పకుండా మొదలుపెట్టింది. జవాబు సరిగ్గా వచ్చేదాకా ఆపలేదు. అంత చప్పుడులో జవాబెక్కడ తడుతుంది? ఆ పిల్ల మెడ భుజాల్లోకి కుంగిపోయింది. మాస్టారు ఓరకంట వెనక బెంచీ వైపు చూశాడు, మెచ్చుకుంటారేమో అన్నట్టు.

ఇన్‌స్పెక్టరమ్మ పళ్ళు పటపట కొరికింది.

గంట కొట్టగానే నేరుగా హెడ్మాస్టారి గదికి వెళ్ళింది. ఆయన టీ తెప్పించాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఆ మాస్టార్ని తీసేస్తున్నాను. పుస్తకాల గోదాములో లెక్కలు చూసుకుంటాడు."

"అయ్యయ్యో, ఒక్కసారికేనా అమ్మా? ముందు లోపం చెప్పాలి, మీరొక పాఠం చెప్పి చూపించాలి, మళ్ళీ వచ్చి చూడాలి. పద్ధతి అది కదా! మీరూ ఒకప్పుడు పాఠాలు చెప్పినవారే."

"చెప్పాను. నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడేది. మీరెప్పుడైనా ఆయన గది గుమ్మం తొక్కారా?"

హెడ్మాస్టారు టీ కప్పు ఆమె వైపు జరిపాడు. "ఫలితాలు బాగానే వస్తున్నాయి కదా అని..."

"తప్పులు చేసేవాళ్ళంతా బడి మానేస్తే ఫలితాలు బాగుండక ఏం చేస్తాయి? మీరు ఒక్కరోజు వెనక బెంచీలో కూర్చుని ఉంటే చాలు, ఒక పసిదాని నోరు పడిపోయేది కాదు."

"పోనీ, ఒక్క అవకాశం... దిద్దడానికే కదమ్మా మనం ఉన్నది."

"నేను దిద్దడానికి రాలేదు. తుడిచెయ్యడానికొచ్చాను. పిలవండి ఆయన్ని."

మాస్టారు వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మీ ముందా? పర్లేదు టీచర్, నించుంటాను."

నించో నాయనా, నించో అనుకుంది ఆమె. నీ వల్ల బడి మానేసిన పిల్ల నా మనవరాలన్న మాట చిట్టచివర, గుమ్మం దాటబోయే ముందు చెప్పాలి. ఆ మాటని నెలల తరబడి నాలుక కింద దాచుకుంది.

"రేపట్నుంచి మీరు క్లాసుకి వెళ్ళక్కర్లేదు."

మాస్టారికి అర్థం కాలేదు. హెడ్మాస్టారి వైపు చూశాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నా వల్ల ఏం పొరపాటు జరిగింది టీచర్?"

"ఇంకా అడుగుతున్నారా? పసిపిల్లని నిలబెట్టి నలభై మంది చేత చప్పట్లు కొట్టిస్తారా? మనిషి పుట్టుకేనా మీది?"

"అది... పిల్లలకి రోషం రావాలని. రోషమొస్తే చదువొస్తుంది టీచర్. నేనలాగే బాగుపడ్డాను. వెనక బెంచీ మొద్దుని, ఇవాళ లెక్కలు చెబుతున్నాను."

"అబ్బో! మీకు నేర్పిన ఆ మహానుభావుడు ఎవడో చెప్పండి," అంటూ ఆమె కుర్చీలోంచి లేచింది. "బతికుంటే మీతోబాటు వాడి పనీ పడతాను."

మాస్టారు ఆమె మొహంలోకి తెల్లబోయి చూశాడు, తర్వాత చేతులు కట్టుకుని మెల్లగా అన్నాడు: "మీరే కదా టీచర్, ఆరో తరగతిలో."