తనంతట తానే మోగిన గడియారం

గోడ గడియారం ఠంగుమని మోగింది.

రొట్టె మీద వెన్న రాస్తున్న భార్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. బూట్లు తొడుక్కుంటున్న మెకానిక్ ఒంటికాలి మీద నిలబడిపోయాడు. ప్రార్థన మూలలో కళ్ళు మూసుకుని కూర్చున్న అతని తల్లి మాత్రం కదల్లేదు. గడియారం గంటలన్నీ తీరిగ్గా కొట్టి, ఏమీ ఎరగనట్టు టిక్కుటిక్కుమంటూ తన పనిలో పడింది.

"ఏమండీ, మోగింది!" అంది భార్య.

"విన్నాను."

"మోగితే ఏం చేస్తానన్నారో గుర్తుందా?"

గుర్తులేకపోవడమేమిటి? ఆ మాట ఇంట్లో పిల్లతో సహా అందరికీ కంఠతా వచ్చు. ఊరికి ఆ చివరనున్న పెద్ద దుకాణంలో గడియారాలు బాగుచెయ్యడం అతని ఉద్యోగం. సొంత కొట్టు పెట్టుకుంటానని నోరు తెరిచిన వారంలోనే, తండ్రి వదిలివెళ్ళిన ఈ గడియారం టక్కున ఆగిపోయింది. "చూశావా, దేవుడు వద్దంటున్నాడు. అది తనంతట తానే మోగిన రోజు పెట్టుకో" అని తల్లి తీర్పు చెప్పేసింది. దేవుడి పనిలో వేలు పెట్టకూడదని అతను దాన్ని ముట్టుకోనైనా లేదు. ఊరందరి గడియారాలూ బాగుచేసే మనిషి ఇంట్లో గడియారం చచ్చి వేలాడుతుంటే, వచ్చినవాళ్ళు చూసి నవ్వుకుని పోయేవాళ్ళు.

"కొట్టుకని చూసిన వీధి చివర గది సంగతి సాయంత్రంలోగా తేల్చమన్నారు. లేకపోతే సెలూన్ వాళ్ళకి ఇచ్చేస్తారట" అని గుర్తుచేసింది భార్య. "అది మనకొస్తే మీరు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తారు. పిల్ల మేలుకునున్నప్పుడు దానికి కనబడతారు."

బల్ల కిందనుంచి పిల్ల తల బయటికి పెట్టింది. "నాన్నా, దేవుడు సరే అన్నాడా?"

మెకానిక్ రెండో బూటు కూడా తొడిగేశాడు. ఇవాళ దుకాణానికి కాదు, వీధి చివరికి. రెండడుగులు వేశాడో లేదో, వృత్తి అడ్డం వచ్చింది.

"ఆగిన గడియారం ఊరికే ఎలా మోగుతుంది? నువ్వుగానీ ఏమైనా చేశావా?"

"నేనా? సీసా మూత తిప్పడం కూడా చేతకాదని మీరే అంటారుగా! అయినా నా అనుమానం మీ మీదే."

"దేవుడి మీద ఒట్టు, నేను కాదు."

ఇక ఆ మనిషి ఆగలేదు. ఎలాగూ మోగింది కాబట్టి దేవుడి పని అయిపోయినట్టేనని సర్దిచెప్పుకుని, స్టూలెక్కి గడియారాన్ని దించాడు. బల్ల మీద పెట్టి వెనక తలుపు తీసి, కంటికి భూతద్దం తగిలించుకున్నాడు. భార్యా పిల్లా చెరోపక్కనుంచీ తలలు దూర్చారు.

"మరమేకుల మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. ఒక్కటి కూడా ఎవరూ తిప్పలేదు. ఏ ముక్కా మార్చలేదు" అన్నాడు. భూతద్దం తుడుచుకుని మళ్ళీ చూశాడు. "దీన్ని ఎవరూ బాగుచెయ్యలేదే!"

భార్య చేతులు జోడించింది. అది చూసి పిల్ల కూడా జోడించింది.

"ఉండు, ఉండు. ఇదేమిటి?"

చిన్న పట్టకారుతో ఒక పళ్ళచక్రం సందులోంచి ఏదో లాగాడు. నీలం రంగు ఉన్ని పోగు. గోరంత కూడా లేదు. ముగ్గురూ ఒకేసారి ప్రార్థన మూలవైపు చూశారు. తల్లి ఒళ్ళో సగం అల్లిన నీలం స్వెటరూ, దాని మీద రెండు అల్లిక సూదులూ ఉన్నాయి.

మెకానిక్ ముఖం వాడిపోయింది. "అమ్మే! సూదితో గెలికి నడిపించింది. దేవుడి సైగా లేదు, ఏమీ లేదు."

"ఎవరు నడిపిస్తేనేం? నడుస్తోందిగా!"

"దేవుడు చెప్తే వెళ్తానన్నాను. అమ్మ జాలిపడితే వెళ్తాననలేదు. రేపు కొట్టు నడవకపోతే ఎవరి పేరు చెప్పుకుని నిలబడను?"

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మన ఇంట్లో ఆ పూజారి మీరే!" అని భార్య విసురుగా రొట్టెల పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం అతను చూశాడు. చూసినా, రోజూ వెళ్ళే దుకాణానికే వెళ్దామని సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, మనసొప్పక వెనక్కి వచ్చి తల్లి ముందు కూర్చున్నాడు.

"నిజం చెప్పమ్మా. నువ్వే కదూ?"

తల్లి కళ్ళు తెరిచింది. "రోజూ దేవుణ్ణి అడిగేదాన్నిరా, నా కొడుక్కి ధైర్యం ఇవ్వమని. ఇవాళ పొద్దున్న ఎందుకో, ఆయన నన్నే ఎదురడిగినట్టనిపించింది. ముందు నీ సంగతేమిటి అని."

"నీకేం తక్కువ ధైర్యం?"

"మీ నాన్న కొట్టు మునిగిననాడు పట్టుకున్న భయంరా. నువ్వు కొట్టు మాట ఎత్తగానే మళ్ళీ లేచి కూర్చుంది."

"అందుకని గడియారం నువ్వే బాగుచేశావా?"

తల్లి అతని వేళ్ళ మధ్యనుంచి ఆ నీలం పోగు తీసుకుని, తన ఉన్ని ఉండకి చుట్టేసింది.

"బాగుచెయ్యడం నాకెక్కడొచ్చురా, పిచ్చి సన్నాసీ! ముందు వెళ్ళి ఆ గది మనకేనని చెప్పిరా. నాకొచ్చింది గడియారాన్ని ఆపడమొక్కటే."