ఉంగరం నంబరు

జీపు దుకాణం ముందు ఆగగానే వెంకట్రాజానికి అర్థమైపోయింది. నగలు కొనేవాళ్లు అలా ఫైళ్లు పట్టుకుని దిగరు.

మానుకోట బజారులో అతని బంగారం దుకాణం తండ్రి నాటిది. "ఈ దుకాణం మాట గీటురాయి మీద గీత" అనేవారు ఆ రోజుల్లో. కొడుకు ఆ మాటను బోర్డు మీద రాయించాడు. అంతకు మించి దాని జోలికి పోలేదు.

లోపల భార్య రాజమణి అన్నం డబ్బా పక్కన పెట్టుకుని కూర్చుంది. ఇదివరకు డబ్బా పనిమనిషి తెచ్చేది. పదిరోజులుగా రాజమణే తెస్తోంది. ఈ వయసులో మొగుడి మీద ప్రేమ పుట్టుకొచ్చిందని అతను లోలోపల మురిసిపోతున్నాడు. ఇవాళ మాత్రం దేవుడే పంపాడనిపించింది.

బీరువా తాళంచెవి అతని మొలతాడుకే ఉంటుంది. భార్యకైనా ఇవ్వడు. గబగబా బీరువా తెరిచి కింది అరలోంచి ఎర్రగుడ్డ మూట తీశాడు. పన్నెండు గాజులు. పైకి ఇరవై రెండు క్యారెట్లు, లోపల పద్నాలుగు కూడా లేవు.

హాల్‌మార్క్ వేసిన ప్రతి నగకూ ఆరక్షరాల నంబరు ఒకటి ఉంటుంది. ఒక నంబరు ఒక్క నగకే. వెంకట్రాజం ఓ మేలిమి ఉంగరం మీది నంబరును ఈ గాజులన్నిటి మీదా చెక్కించాడు. భూతద్దం పెట్టి చూసేదెవరని అతని ధైర్యం.

"జల్ది యేస్కో," అన్నాడు గొంతు తగ్గించి.

పోయినేడు తనిఖీకి వచ్చినప్పుడూ ఇలాగే గట్టెక్కాడు. ముత్తైదువ చేతి గాజులు తీయమని ఏ అధికారీ అడగడు. అది ఏ చట్టంలోనూ లేదు గానీ, చట్టం కన్నా గట్టిది.

రోజూ వేసుకునే బంగారు గాజులను రాజమణి ఇంట్లోనే తీసిపెట్టి వచ్చింది. చేతులకు మట్టిగాజులే ఉన్నాయి. అదీ కలిసొచ్చింది. చేతికి ఆరేసి ఎక్కించుకుని, రెండుసార్లు లెక్కపెట్టింది.

"అన్నీ గివేనా? ఇంకేమన్న ఉన్నయా?"

"గివే. కొంగు కప్పుకోని కూసో. నోరు తెరువకు."

రాజమణి తలూపింది.

వచ్చిన హాల్‌మార్క్ తనిఖీ అధికారి పేరు శ్రీలత. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. గాజు లోపలి వైపు, నంబరు స్పష్టంగా ఉంది.

"ఫిర్యాదు వచ్చింది. ఈ నంబరు ఫోన్‌లో కొడితే మీ షాపు పేరే వస్తోంది. కానీ వస్తువు ఉంగరమని వస్తోంది. ఉంగరం గాజు ఎట్లయింది?"

వెంకట్రాజం నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా వ్యాపారి నాలుక, వెంటనే తేరుకుంది.

"గది మా దుకాన్ల గాజే కాదు మేడమ్. బిల్లు ఉన్నదా?"

బిల్లు ఉండదని అతనికి తెలుసు. ఆ గాజులకు ఎన్నడూ ఇచ్చింది లేదు.

"ఉంటే మీతో మాటలెందుకు? స్టాకు మొత్తం చూస్తాం. ఒక్కటి దొరికినా షాపు మూతపడుతుంది, కేసూ అవుతుంది."

ఒక్కో నగా భూతద్దం కిందికి వెళ్తోంది. ఒక్కో నంబరూ ఫోన్‌లోకి ఎక్కుతోంది. వెంకట్రాజం చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎవడు పెట్టాడీ చిచ్చు? ఎదురు దుకాణం శ్రీపాలా? వాడివీ ఇలాంటి గాజులే, వాడికంత ధైర్యం ఎక్కడిది?

నెల్లికుదురు అవతలి తండా నుంచి వచ్చిన గంగి గుర్తొచ్చింది. మగని ఆపరేషన్‌కని ఇక్కడ కొన్న గాజులు కుదువపెట్టబోతే బ్యాంకులో గీటురాయి మీద గీసి వెనక్కి ఇచ్చారట. "మిర్చి అమ్మిన పైసలు సేటూ, జర చూడు సేటూ" అని గడపలోనే కూలబడింది. బిల్లు చూపించమని వెళ్లగొట్టాడు. ఆ రోజు దుకాణంలో ఉన్న రాజమణి వెనకాలే వెళ్లి, ఆమెకు హోటల్లో చాయ్ ఇప్పించి, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. ఆడవాళ్లకు జాలి ఎక్కువ అనుకున్నాడు.

కానీ గంగికి అక్షరం ముక్క రాదు. ఉన్నది మీటల ఫోను. ఆమె కాదు.

గంటన్నర గడిచింది. శ్రీలత నడుం నిమురుకుంటూ నిటారుగా నిలబడింది.

"ఇక్కడున్నవన్నీ సరిగానే ఉన్నాయి."

సరిగ్గా అప్పుడే రాజమణి కొంగు జారింది. గాజులు గలగలమన్నాయి. శ్రీలత చూపు ఆ చేతుల మీద ఆగింది. వెంకట్రాజం అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నా భార్య మేడమ్," అన్నాడు, గొంతులోకి కోపం తెచ్చిపెట్టుకుని. "ముత్తైదువ. ఒంటి మీది సొమ్ము గుడ ఇప్పమంటరా?"

శ్రీలత ఫైలు మూసింది.

"అడగం లెండి."

గుమ్మం దాకా వెళ్లింది. వెంకట్రాజం ఇంటికి వెళ్లగానే దేవుడికి కొబ్బరికాయ కొట్టాలని మొక్కుకున్నాడు.

వెనక అద్దాల బల్ల మీద టక్కుమని చప్పుడైంది. మళ్లీ ఇంకొకటి. మళ్లీ. రాజమణి ఒక్కో గాజూ తీసి వరుసగా పెడుతోంది. పన్నెండోది పెట్టాక ఆమె చేతులకు మట్టిగాజులే మిగిలాయి.

"మీరు అడుగరని తెలుసు మేడమ్, అందుకే నేనే ఇస్తున్న," అంది రాజమణి, "గంగి గాజు ఫోటో మీకు పంపినప్పటి సంది, మీరు ఎన్నడొస్తరో, ఈయన బీరువ ఎన్నడు తెరుస్తడో అని, దినాం డబ్బా నేనే తెస్తున్న."