మిగిలిన గంట

హాల్లో కూర్చుని ఇందుమతి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. రోజూలాగే ఏదో పాత ముచ్చట చెబుతుంటే వంటింట్లోంచి కోడలు హిమజ ఊకొడుతోంది.

"మా చిన్నత్త పెట్టిన వడియాలకు కాకులు కూడా భయపడేవి. అంత కారం!"

"అయ్యో రామ! తర్వాత అత్తయ్యా?"

అంతలో వీధి తలుపు తెరుచుకుంది. వానకు తడిసిన బూట్లతో హిమజ లోపలికి వచ్చింది. ఇందుమతి చేతిలో కాయ జారిపోయింది.

"చెప్పండి అత్తయ్యా, వింటున్నా," అంది వంటింట్లోంచి అదే గొంతు.

హిమజ నాలుక కరుచుకుంది. "టైం మిగిల్చే పెట్టె అత్తయ్యా, నా గొంతుతోనే పలుకుతుంది. అందరిళ్లలోనూ ఇప్పుడు కబుర్లు కూడా అదే చూసుకుంటోంది. ఆ గంటా నేను నడకకు వెళ్లొస్తున్నా."

"ఎన్నాళ్లనుంచే?"

"ఎండాకాలం నుంచి."

కట్టుకున్నవాడి దగ్గర కూడా ఎత్తని మాట ఒకటి ఇందుమతి మొన్ననే కోడలికి చెప్పుకుంది.

"మరి మొన్న నా తొలిచూలు పిల్ల పోయిన సంగతి చెబితే, వెక్కివెక్కి ఏడ్చావు కదే?"

హిమజ ముఖం పాలిపోయింది. "ఏ పిల్ల అత్తయ్యా?"

ఇందుమతి లేచి నిలబడింది. ఒడిలోని కాయలన్నీ నేలమీద చెదిరాయి. వాటిని తొక్కుకుంటూనే గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు తొడుక్కుని ఆ వానలోకి వెళ్లిపోయింది.