కిందింటి సిగ్నల్

"ఆ పెట్టెలో ఏముందో తెరిచి చూపించండి."

ఇంజినీరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. కింది వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి అప్పుడే పని నుంచి వచ్చింది. అతన్ని ఎగాదిగా చూసి పెట్టె తెరిచింది. లోపల నాలుగు పళ్ళసెట్లు అతన్ని చూసి ఇకిలించాయి.

"నేను పళ్ళసెట్లు తయారుచేస్తాను సార్. ఇంట్లో కూర్చుని వీటిని నునుపు చెయ్యాలి. ఏంటి, మీదేమైనా పోయిందా?"

"ఆ సంగతి మీకే తెలియాలి," అని అతను విసురుగా మెట్లెక్కాడు.

అతని ఉద్యోగం కంప్యూటర్లని నడిపించే సిస్టమ్ తయారుచేసే కంపెనీలో. ఇంకా బజారులోకి రాని కొత్త సిస్టమ్‌ని తన లాప్‌టాప్‌లో, ఫోన్‌లో వేసుకుని పరీక్షిస్తున్నాడు. ఆ అమ్మాయి సాయంత్రం ఇంటికొచ్చి లైటు వేసిందంటే చాలు, కాసేపటికి రెండూ ఒకేసారి చచ్చి ఊరుకుంటున్నాయి. పొద్దున ఆమె గడప దాటగానే లేచి కూర్చుంటున్నాయి.

"వైఫై కోడ్‌లో ఎక్కడో కన్నం ఉంది," అన్నాడు భార్యతో గొంతు తగ్గించి. "ఆ పిల్లకి అది తెలుసు. కింద కూర్చుని గాల్లోకి ఏదో వదులుతోంది. అది మెమరీలో తనకిచ్చిన చోటు దాటి, పక్కవాటి మీద పడి రాసేస్తోంది. ఇంకొన్నాళ్ళు పోతే మిషన్ తను ఆడించినట్టు ఆడుతుంది."

"పళ్ళసెట్లు చేసుకునే పిల్లకి ఇవన్నీ ఎందుకండీ?"

"పళ్ళసెట్లట! నమ్మేవాళ్ళుండాలి."

"మొన్న ఇది లిఫ్టు బాగుచేసేవాడి పనన్నారు. తర్వాత మా తమ్ముడిదన్నారు. నా ఫోన్‌లో వైఫై కూడా ఆపించేశారు. ఇక మిగిలింది నేనే."

అతను కాదనలేదు.

మర్నాడు సాయంత్రం ఆ అమ్మాయి మెట్ల దగ్గర ఎదురైంది. "సార్, ఒక్క మాట. పైన మీ వైఫై పేరేంటి?"

అతను ఒక మెట్టు పైకి జరిగాడు. "ఎందుకు?"

"ఊరికే. వాటావాటాకీ వెళ్ళి అడుగుతున్నాను."

"వాటావాటాకీనా!"

ఇంకో మాట చెవిన పెట్టకుండా పైకి పరుగెత్తాడు. తన ఫోన్ అప్పటికే చచ్చి ఉండటంతో భార్య ఫోన్ లాక్కుని ఇంటి ఓనరుకి కలిపాడు. కన్నం, మెమరీ ఓనరుకి తలకెక్కలేదు గానీ, పోలీసులన్న మాట మాత్రం బాగా ఎక్కింది. ఆ అమ్మాయిని వెంటనే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు.

ఆదివారం సాయంత్రం కింద వ్యాన్‌లోకి ఆమె మంచం, కుర్చీలు ఎక్కుతుండగా, ఇంజినీరు ఆఫీసు స్నేహితుడు పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు.

"గురూ, నువ్వు పంపిన రిపోర్టు చూశాం. కన్నం నిజమే. దొంగే లేడు."

"లేకపోవడమేంటి?"

"చుట్టుపక్కల వైఫై పేర్లు చదవబోయి సిస్టమ్ పడిపోతోంది. మనవాళ్ళు పేరులో ఎన్ని అక్షరాలుంటే మెమరీలో అన్ని గళ్ళు చాలనుకున్నారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి చాలు, తెలుగు అక్షరానికి మూడు కావాలి. ఇక్కడెవరో తమ వైఫైకి తెలుగులో పేరు పెట్టుకున్నారు. వాళ్ళు రౌటర్ వేసినప్పుడల్లా అది గళ్ళలో పట్టక పొర్లిపోతోంది. సరిచేసి తెచ్చాను, ఎక్కించు."

భార్య కిటికీలోంచి వ్యాన్ వైపు చూసి, "పాపం, ఆ పిల్ల..." అని ఆగిపోయింది.

లాప్‌టాప్ తెరిచారు. ఈసారి చావలేదు. కింద రౌటర్ ఇంకా తీసినట్టు లేదు. వైఫై పేర్ల జాబితా మొదట్లోనే తెలుగు అక్షరాలు కనిపించాయి. భార్య వంగి పైకి చదివింది.

"‘తాళం వేయండి’."

"ఓహో! ఈ బిల్డింగులో ఎవరో తమ వైఫైకి పాస్‌వర్డ్ పెట్టుకోలేదన్నమాట," అన్నాడు స్నేహితుడు. "ఎవరిదో తెలియక, అందరికీ కనబడేలా పేరుతోనే కేకేసింది."

"ఎవడా బుద్ధిలేనివాడు?" అంటూ ఇంజినీరు జాబితాని కిందికి జరిపాడు.

ప్రతి పేరు పక్కనా చిన్న తాళం గుర్తు ఉంది, ఒక్క తన వైఫై పక్కన తప్ప.