చుక్కరెక్క కూత

జొన్నచేను తనకొక్కదానికే దక్కాలని, బోడితోక అనే కౌజు పిట్ట తన నేస్తం చుక్కరెక్కను మాయమాటలతో ఉచ్చున్న పొదలోకి పంపింది. వేటగాడు చుక్కరెక్కను పంజరంలో పెట్టి, దాని కూతకు వచ్చే పిట్టల కోసం చుట్టూ ఉచ్చులు పన్నాడు. పుల్లతో ఎంత పొడిచినా అది నోరు విప్పలేదు.

ఓ పొద్దున గడ్డిలో తెలిసిన అడుగుల చప్పుడు వినిపించింది. తనను ఉచ్చులోకి పంపిన బోడితోకే అని చుక్కరెక్క గుర్తుపట్టింది. పిలవనా, వద్దా? అడుగులు దూరమవుతున్నాయి. ఇక ఆగలేక గొంతెత్తి కూసింది.

"చుక్కా, బతికే ఉన్నావా?" అంటూ బోడితోక పరుగున వచ్చి ఉచ్చులో పడింది.

వేటగాడి దగ్గర ఇంకో పంజరం లేదు. దాన్నీ అందులోకే తోశాడు. చుక్కరెక్కకు ఇక రెక్క విదిలించే చోటు కూడా లేకుండా పోయింది.