పనికిరాదన్న మందు

“పట్టుకుందా బాబూ?” అంది పెద్దమ్మ, చేతి తొడుగులు విప్పకుండానే.

సారు మూడోసారి అంకెలు చూసుకుని తలూపాడు. “పట్టుకుంది. ఉడుంపట్టు.”

పెద్దమ్మ స్టూలు మీద కూలబడింది. ల్యాబులో అందరికీ ఆవిడ పెద్దమ్మే. గాజుసామాను కడగడానికి వచ్చి, రెండేళ్ళలో పూసలు కడగడం దాకా నేర్చుకుంది. కంటికి ఆనని పూసలవి. జబ్బు తెచ్చే ఎంజైమును వాటికి అంటించి, మందు కాగలవనుకున్న పదార్థాలు ఒక్కొక్కటే పోసి కడుగుతారు. పనికిమాలినవి నీళ్ళతో పోతాయి. ఎంజైమును గట్టిగా పట్టుకున్నదే మిగులుతుంది.

ఆ జబ్బే ఆవిడ ఒక్కగానొక్క కొడుకును మింగింది. ఈ ల్యాబులోనే పనిచేసిన మనిషి, చివరి నెలల్లో మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తలేకపోయాడు. అతను పోయాక, “వాడు తిరిగిన చోటే ఉంటాను, ఏదో ఒక పని ఇవ్వండి” అని ఆవిడ వస్తే, సారే ఈ పనిలో పెట్టాడు.

“ఏ నంబరు బాబూ?”

“నాలుగు వందల పన్నెండు.”

ఆవిడ గోడకున్న పాత జాబితా మీద వేలు పెట్టి వెతికింది. వేలు ఒకచోట ఆగింది. “దీన్ని ఏడేళ్ళ కిందటే చూశారుగా. పక్కన ‘పనికిరాదు’ అని ఉంది.”

“అందుకేగా కొత్త పద్ధతిలో అన్నీ మళ్ళీ చూస్తున్నాం. అప్పట్లో అంటించడంలో పొరపాటు జరిగింది.” సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఎంజైముకు నోరులాంటి చోటు ఒకటుంటుందమ్మా. మందు పట్టుకోవాల్సింది అక్కడే. ఆ నోరు పూసకేసి తిరిగి అతుక్కుపోతే ఇక ఏం పోసినా ఒకటే. నోరు తెరుచుకుని ఉందో లేదో ముందే చూసుకోవాలి. అరగంట పని. చూసుకోలేదు.”

“ఆ అరగంట పెట్టి ఉంటే?”

సారు తుడిచిన కళ్ళజోడే మళ్ళీ తుడవసాగాడు.

“చెప్పండి బాబూ.”

“మూడు నాలుగేళ్ళలో మనుషులకు ఇచ్చే దాకా వచ్చేదేమో.”

పెద్దమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. “అప్పటికి నా కొడుకు బతికే ఉన్నాడు,” అంది. “ఎవరు చేశారు ఆ పని?”

“ఎప్పటి మాటో అమ్మా అది.”

“పరీక్షలు రాసే పుస్తకంలో చేసినవాళ్ళ సంతకం ఉంటుందిగా. సంతకం లేని పేజీ చిత్తుకాగితమని మీరే అంటారు.”

ఆవిడ లేచేలోపే సారు లేచాడు. “మీరుండండి. దుమ్ముకు మీకు దగ్గొస్తుంది.”

సామాన్ల గదిలో ఏడేళ్ళ నాటి పుస్తకం అడుగు అరలో దొరికింది. నాలుగు వందల పన్నెండు ఉన్న పేజీ తీసి పైనుంచి కింది దాకా చదివాడు. చదివాక అలాగే నిలబడిపోయాడు.

“దొరికిందా బాబూ?” గుమ్మం దగ్గరే ఉంది ఆవిడ గొంతు.

ఆయన పేజీ చింపి జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. “ఆ పేజీ లేదమ్మా.”

ఆవిడ పుస్తకం లాక్కుని చూసింది. కాగితాలన్నీ పసుపుపచ్చగా మాగిపోయి ఉన్నాయి. చిరిగిన అంచు ఒక్కటే తెల్లగా ఉంది. ఆవిడ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

“ఇక వెతకొద్దమ్మా,” అన్నాడు సారు. “ఆ పరీక్ష నేనే చేశాను.”

ఆవిడ అరవలేదు. “నువ్వా,” అంది. రెండేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. “వాడి మంచం పక్కన కూర్చుని కాళ్ళు పట్టావు. వాడు పోయిన రోజు నాకంటే ఎక్కువ ఏడ్చావు. ఎందుకేడ్చావో ఇప్పుడు తెలిసింది.”

ఆయన తల దించుకున్నాడు.

“ఇన్నాళ్ళూ నీ ఉప్పు తిన్నాను. పైవాళ్ళకు చెప్తాను. ఊరుకోను.”

“చెప్పండమ్మా. నేను కాదనను.”

రిటైర్మెంటుకు ఇంకా పది నెలలుంది. ముప్పై ఏళ్ళు కూడబెట్టుకున్న మంచిపేరు ఉంది. ఆయన జేబు మీద చెయ్యి అదిమి పెట్టుకున్నాడు.

ఆవిడ తొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. “‘మా సారు ఉన్నారమ్మా, మందు దొరుకుతుంది’ అంటూనే కన్ను మూశాడు నా పిచ్చితండ్రి. నిన్ను దేవుడనుకున్నాడు.”

ఆవిడ అడుగుల చప్పుడు మెట్లు దిగి గేటు దాటే దాకా విన్నాడాయన. తర్వాత బర్నరు వెలిగించి, జేబులోంచి కాగితం తీశాడు. మంటకు అందించే ముందు ఒక్కసారి మడత విప్పి చూశాడు.

కింద సంతకం ఆవిడ కొడుకుది.