ఏసీ వేయని క్యారవాన్

బండిలో అది పదకొండో రోజు. గోడకు బిగించిన వేడి కొలిచే చిన్న మీటరు పొద్దున తొమ్మిదింటికే ముప్ఫై తొమ్మిది డిగ్రీలు చూపిస్తోంది.

సీమోను దానివైపు చూడటం మానేసి పనిలో పడ్డాడు. ముందు అద్దానికి అడ్డంగా కట్టిన అట్టలు ఓ పక్కకు జారాయి. రొట్టెలు చుట్టే వెండి కాగితం అంటించిన అట్టలవి. వాటిని సరిచేశాడు. పైకప్పులో ఉన్న చిన్న తలుపు ఎత్తి, గోనెసంచుల్ని ఒక్కొక్కటే పైకి తోసి పరిచాడు. ఎండ ముదరకముందే ఇదంతా అయిపోవాలి. ఒక్కసారి రేకులోకి వేడి దిగిందంటే రాత్రి పదింటి దాకా వదలదు.

అది సినిమావాళ్ల క్యారవాన్. షూటింగుల్లో హీరోలు మేకప్ వేసుకుని కునుకు తీసే బస్సు. సీమోను దాని డ్రైవరు. కరోనా రెండోసారి విరుచుకుపడి లాక్‌డౌన్ పెట్టగానే షూటింగులు ఆగిపోయాయి. బండిని నీ దగ్గరే పెట్టుకో అన్నాడు ఓనరు. హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో సీమోనుది గల్లీ చివరి ఇల్లు. ఉన్నది ఒకటే గది. బస్సును వెనక్కి నడిపి, నానా తంటాలు పడి ఆ గల్లీలో ఇరికించాడు. డ్రైవరు వైపు తలుపు అవతలి గోడకు ఆనుకుపోయింది. తెరుచుకునేది ఇవతలి తలుపొక్కటే. అది సరిగ్గా ఇంటి కిటికీకి ఎదురుగా, మూడడుగుల దూరంలో.

పరీక్షల కాగితాలు చేతికి రాగానే భార్య రాజమణి తేల్చి చెప్పింది.

"నువ్వు బండ్లనే ఉండు. పద్నాలుగు దినాలు కిందికి దిగొద్దు."

"టీబీ వచ్చి పోయిన ఛాతీ నీది," అంది తల్లి సుందరమ్మ. "ఆటలనుకుంటున్నవా?"

బండిలో ఏసీ ఉంది. కానీ అది జనరేటరు మీద నడుస్తుంది. మొదటిరోజు పది నిమిషాలు వేశాడు. పొగంతా ఇంటి కిటికీలోకి పోయింది. లోపల ముసలామె దగ్గు ఎంతకీ ఆగలేదు. జనరేటరు ఆపేశాడు. మళ్లీ దాని జోలికి పోలేదు. ఇంట్లోంచి వైరు లాగితే ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

పక్కింటి ఎల్లమ్మ రోజూ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చేది. ఒక క్యారేజీ ఇంటి గడప మీద, ఒకటి బండి మెట్టు మీద పెట్టి గబగబా వెళ్లిపోయేది. పదకొండింటికి, మూడింటికి తన డాబా ఎక్కి పైపుతో సంచుల మీద నీళ్లు కొట్టేది. అప్పుడు మాత్రం బండిలో కాస్త ఊపిరాడేది.

"ఎంతుంది?" కిటికీలోంచి అడిగింది రాజమణి. ముఖానికి మాస్కు ఉంది.

సీమోను వేలికి పెట్టుకున్న ఆక్సిజన్ మిషను చూశాడు. "తొంభై ఎనిమిది."

"మంచిగున్నది."

"మంచిగుంటె దిగనియ్యరాదు? ఈడ ఉడికి సచ్చేటట్టున్న."

"ఇంక మూడు దినాలే."

"ఎల్లమ్మ పప్పుల ఉప్పు మస్తు ఏసింది."

"ఏసిందా? నాకు తెల్వలే," అని రాజమణి కిటికీ ఊచ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

ఒంటిగంటన్నరకు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఇక మూడింటికి నీళ్లు కొట్టడానికి ఎల్లమ్మ మోటారూ నడవదు. అరగంటలో సంచులు ఎండిపోయాయి. మీటరు నలభై ఆరుకు ఎక్కింది. గోడ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. సీమోను చొక్కా విప్పి నేల మీద పడుకుని చెంప ఆనించాడు. నేలా కాలుతోంది. ఆ నాలుగు గోడలూ దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది.

అంతలో ఇంట్లో ఏదో దభీమని పడింది. కూతురు షారోన్ "నానమ్మా" అని ఏడ్చింది.

సీమోను లేచి తలుపు తోశాడు. ఒక కాలు నేల మీద పెట్టాడు.

షారోన్ కిటికీకి అడ్డం వచ్చింది. "దిగకు డాడీ. నానమ్మ నీళ్లకు లేస్తె కళ్లు తిరిగినయి. మమ్మీ పట్టుకున్నది. నువ్వు దిగకు."

వెనకాలే రాజమణి గోడ పట్టుకుంటూ వచ్చింది. "నీ కాళ్లు మొక్కుత. పైకి పో. నీకేమన్నయితే మేమేం గావాలె?"

ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద. చెయ్యి చాస్తే కూతురి వేళ్లు అందుతాయి. సీమోను చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. తర్వాత కాలు వెనక్కి తీసుకుని తలుపు వేసుకున్నాడు. పదకొండు రోజుల్లో మొదటిసారి ఏడ్చాడు.

ఏడ్చి, లేచాడు. తాగడానికి ఉంచుకున్న నీళ్లలో సగం దుప్పటి మీద పోసి కిటికీకి వేలాడదీశాడు. వేడి గాలి పైకి పోయేలా పైకప్పు తలుపు బార్లా తీశాడు. సాయంత్రానికి మీటరు నలభై ఒకటికి దిగింది. అదే చల్లదనం అనుకున్నాడు.

మిగిలిన మూడు రోజులూ గోడ మీద గీతలు గీసుకుంటూ గడిపాడు. పద్నాలుగో రోజు పొద్దున బస్తీ దవాఖానలో పనిచేసే మహేందర్ వచ్చి పరీక్షకు ముక్కుల్లో పుల్లలు పెట్టి పోయాడు. సాయంత్రం కాగితాలతో తిరిగొచ్చి, బండికీ ఇంటికీ మధ్య ఉన్న సందులో నిలబడ్డాడు.

సీమోను తలుపు కమ్మీ పట్టుకున్నాడు. కిటికీలో మూడు ముఖాలు ఊపిరి బిగబట్టి చూస్తున్నాయి.

మహేందర్ కాగితాలన్నీ నిదానంగా చదివి, మడిచి, తలెత్తాడు.

"జబ్బు పడ్డ ముగ్గురికీ నెగటివ్ వచ్చింది సీమోనన్నా, ఇగ నువ్వు ఇంట్లకు పోవచ్చు."